పైడయ్య తెచ్చిన రొయ్యలు

నీటి యడుగు నుండి నిఖిలభారము నోర్చు
కమఠరూప నన్ను గావుమయ్య
మోయలేక నేను మోసిన యీమాట
దించుకొనగ నాకు దెగువ నిమ్ము

శ్రీకూర్మనాథా, డెబ్బది మూడేండ్ల ఈ నాలుకతో నీ కథలు ఎన్నో చెప్పాను. నేటి కథ నాది. పక్కన నిలిచి పలికించు.

దీపం వెలిగించడానికి ఇంకా గంట వ్యవధి ఉన్నది. దువ్వాడలో మా కాలనీ రామాలయపు వేదిక మీద ముందుగానే వచ్చి కూర్చున్నాను; ఇంట్లో కూర్చోలేక వచ్చాను. ఆలయ కమిటీ కార్యదర్శి సాయిశంకర్, ఒకప్పుడు నా దగ్గర ఛందస్సు నేర్వలేక ఏడ్చినవాడు, జంపఖానాలు పరుస్తూ ఏంటి మాస్టారూ ఇంత పెందరాళే వచ్చారని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. హాలు చివర, చెప్పులు విడిచే చోట, గోడకు ఆనుకొని ఒక స్త్రీ కూర్చొని ఉన్నది. సూర్యకళ. పైడయ్య కూతురు. వస్తానన్నది, నాకంటే ముందే వచ్చింది. కార్తిక పురాణం మొదలుపెట్టే ముందు నేనొక మాట చెప్పాలి: నిరుడు ఇదే వేదిక మీద నుండి ఆమె తండ్రిపై నేను వేసిన నింద అబద్ధమనీ, ఆ పని చేసినది నా చేయేననీ. రెండు వాక్యాలు. నాలుగు వందల పద్యాలు అప్పగించగల నాలుకకు రెండు వాక్యాలు. చెప్పకుండా కూడా పురాణం మొదలుపెట్టవచ్చు. ఆమె లేచి అరవదు. అరిచే మనిషి కాదు. చూస్తుంది, అంతే. ఆమె చూస్తుందన్నదే భయం, ఎందుకంటే ఆ కళ్ళు ఆమెవి కావు.

వేదిక వెనుక గోడకు కొత్తగా పూసిన సిమెంటు ఇంకా ఆరలేదు, పచ్చివాసన వేస్తున్నది. పెరటిలో మడుగు కట్టించిన రోజుల్లో మా ఇల్లంతా ఇదే వాసన. సాలగ్రామ పూజకు తామరలు కావాలని కట్టించాను. మూడు బారల పొడవు, రెండు బారల వెడల్పు, నడుము లోతు మాత్రం. తామరలు లేచేలోగా నాచు లేచింది. నీళ్ళ తొట్టె కడగడానికి వచ్చిన పైడయ్య ఆ మడుగు గట్టున గొంతుక్కూర్చొని చాలాసేపు చూశాడు. ముత్యాలమ్మపాలెం వాడు. మోకాలు పట్టుకుపోయి సముద్రపు వేట మానేసి, మా కాలనీలో తొట్టెలు కడగడం, మొక్కలకు పాదులు తీయడం చేసుకుంటూ బతికేవాడు. మరుసటి వారం ఒక స్టీలు క్యారేజీ తెచ్చాడు. మూత తీస్తే తడి నాచు, నాచులో కదలిక. గోటిలో సగం లేవు ఒక్కొక్కటి. ఒళ్ళు అద్దం, అద్దంలో నల్లని దారంలా ప్రేవు, ఆవగింజల్లో సగం కళ్ళు. వాళ్ళ ఊరి పక్క వాగులో, గెడ్డ అంటారు, పట్టుకొచ్చాడట. "ఇవేటనుకున్నారు మాస్టారూ, మునిసిపాల్టీవోల్లు. జీతం అడగరు, సెలవెట్టరు, నాచంతా తుడిసేత్తారు" అన్నాడు. నవ్వాను. నవ్వుతూనే వాటిని గుర్తుపట్టాను. చీపురుపల్లి అవతల మా ఊరి గెడ్డలో మా అమ్మ చీర కొంగు పరచి ఇవే రొయ్యలను వడకట్టేది. గోంగూరలో వేసి దాకలో ఉడికిస్తే వీధి మొగ దాకా వాసన. ముప్ఫయ్యవ ఏట ఉపదేశం పొందినప్పుడు నీసు వదిలాను. నోరు వదిలింది, ముక్కు వదలలేదు. తిన్న జీవాన్ని పెంచితే కొంత ఋణం తీరుతుందేమో అనుకొన్నాను. వాటిని మళ్ళీ దగ్గరగా చూడాలన్న కుతూహలాన్ని భక్తి అని పిలుచుకొన్నాను. నా కుతూహలాలన్నిటికీ ఆ పేరే పెట్టుకొంటూ వచ్చాను.

ఎవరో బుట్టతో బంతిపూలు తెచ్చి వేదిక కింద కుమ్మరించారు, ఎర్రబంతి. ఆ ఎరుపు వద్దు, ఇప్పుడు దాని గురించి ఆలోచించను. రొయ్యలు వచ్చిన మూడవ వారం గురించి ఆలోచిస్తాను. ఆ ఉదయం మడుగు అడుగున రొయ్యలు పడి ఉన్నాయి, తెల్లగా, కదలకుండా, మీసాలతో కాళ్ళతో సహా. పైడయ్యను కేకవేశాను. వచ్చి, ఒకదాన్ని అరచేతిలోకి తీసి నా కళ్ళ ముందు పెట్టి ఊదాడు. ఎగిరిపోయింది. లోపల ఏమీ లేదు. "సచ్చిపోనేదండి. సొక్కా ఇప్పీసింది. కొత్త సొక్కా గట్టిపడీవరకూ రాయి కింద నక్కుతాది, సిగ్గు దానికి." దేహం వస్త్రమని ఎన్ని సభలలో చెప్పి ఉంటాను, ఆ ఉదయం ఒక వేటగాని నోట దాన్ని మొదటిసారి విన్నట్లనిపించింది. అప్పటి నుండి సాయంకాలం పూట ఇద్దరం గట్టున కూర్చొనేవాళ్ళం. తాయారు, నా ఇల్లాలు, ఇద్దరికీ టీ ఇచ్చేది, అతనికి వేరే గ్లాసులో. ఆ వేరే గ్లాసు నేను చూస్తూనే ఉండేవాణ్ణి. నేను కథ చెప్పేవాణ్ణి, అతడు సముద్రం చెప్పేవాడు. సంధ్యాదీపం గట్టు మీద పెట్టినప్పుడు నీటిలో కళ్ళు వెలిగేవి, చిన్న చిన్న నిప్పురవ్వలు, జంటలు జంటలుగా, ఎన్ని అని లెక్కపెట్టబోతే ఇటు వెలిగి అటు ఆరిపోయేవి. "మీ పురానం ఇంటన్నాయి" అనేవాడు పైడయ్య.

రాగి చెంబు. ఇక్కడికి రాకుండా మనసును ఎటు తిప్పినా, తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. రాత్రి రాగి చెంబులో నీరు పోసి తులసి వేసి ఉంచి, తెల్లవారి సాలగ్రామానికి అభిషేకం చేయడం నా గురువు నేర్పిన పద్ధతి. తాయారు ఆ చెంబును చింతపండుతో తోమి ఉదయసూర్యునిలా నిలబెట్టేది. తీర్థం మేము పుచ్చుకోగా మిగిలిన నీటిని నేను ప్రతిదినం మడుగులో పోసేవాణ్ణి. మూగజీవాలకు కూడా తీర్థం అందుతున్నదని పొంగిపోయేవాణ్ణి. ఒకనాడు పైడయ్య చూశాడు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకొన్నాడు, పెద్దవాళ్ళకు ఎదురు చెప్పేటప్పుడు అలా పట్టుకొనేవాడు. "మాస్టారూ, ఆ నీల్లు తులిసమ్మకి పోసీండి. రాగి బిందిలో ఎర రొయ్యలు ఎడితే పూటకే తేలిపోతాయి. మావోల్లు ఎప్పుడూ ఎట్టరు." నేను ఏమన్నాను? ఆ వాక్యం నాకు పొల్లుపోకుండా జ్ఞాపకం. ఇది ఎర కాదు పైడయ్యా, తీర్థం. దీనికి లోహదోషం అంటదు, అన్నాను. ఇంకా అన్నాను: నీటి సంగతి నీకు తెలుసు, తీర్థం సంగతి నాకు తెలుసు. అతడు తలగుడ్డ మళ్ళీ చుట్టుకొని, "అయితే సరే బాబూ" అన్నాడు. ఆ సరేలో ఎగతాళి లేదు, కోపం లేదు. నిజంగానే నమ్మాడు. నా మాట మీద, తరతరాల తన వాళ్ళ అనుభవాన్ని పక్కకు పెట్టాడు. ఇన్నాళ్ళూ నన్ను తినేస్తున్నది ఆ నమ్మకమే.

నిరుడు కార్తిక శుద్ధ ఏకాదశి. పంచామృతాభిషేకానికి ఆనాడు చెంబు చాలదని పెద్ద రాగి బిందె తీయించాను. పెరుగు, తేనె, పళ్ళరసం, అన్నీ దానిలోనే రాత్రంతా. మరునాటి పారణ తరువాత బిందెడు నీళ్ళూ మడుగుకే. మూడవ రోజు ఉదయం మడుగు మీద ఎరుపు తేలింది. బంతిరేకులనుకొన్నాను. దగ్గరకు వెళ్ళాను. ఈసారి ఊదితే ఎగరలేదు. అన్నిటికీ లోపల బరువు ఉన్నది. కొన్ని పాలవలె తెల్లబడి, కొన్ని ఎర్రబడి, పొట్ట కింద గుడ్లు మోస్తున్నవి సైతం. ముందటి సాయంత్రం పైడయ్య మందార చెట్టుకు పిండినల్లి పట్టిందని ఏదో కొట్టి వెళ్ళాడు. అది చాలింది నాకు. మనసు ఒక దారి కోసం వెతుకుతూ ఉంటే ఆ దారి ఎంత వెడల్పుగా కనబడుతుందో! అతడు రాగానే, మందు కొట్టి నా మడుగును చంపావన్నాను. "నాను మందు కొట్టనేదు మాస్టారూ. ఏపనూని నీల్లే" అన్నాడు. అని, చూశాడు. నన్ను కాదు. పూజగది కిటికీలో ఎండకు మెరుస్తున్న బిందెను చూశాడు. చూసినంతసేపు చూసి, తల దించుకొన్నాడు. అతడు చూడడం నేను చూశాను. ఈ సంగతి తాయారుకు చెప్పలేదు, సూర్యకళకు కూడా చెప్పలేదు, కూర్మనాథా, నీకు చెబుతున్నాను. ఆ క్షణాన నాకు తెలుసు. తెలిసినదాన్ని తెలియనిదిగా మార్చడానికి నాకు ఒక్క పూట పట్టింది, అంతే.

ఆ సాయంకాలం ఇదే వేదిక. గజేంద్రుణ్ణి మొసలి పట్టిన ఘట్టం చెబుతూ చెబుతూ, కథను పక్కకు తిప్పాను. పేరు చెప్పలేదు. పేరు చెప్పకుండా కొట్టడం పురాణం చెప్పే మాకు బాగా వచ్చిన విద్య. చేతిలో మందుడబ్బా, నోట అబద్ధం, అటువంటి వాని నీడ మీ పెరటి నీళ్ళ మీద పడనివ్వకండి, అన్నాను. సభ వెనక్కి తిరిగింది. అతడు అక్కడే ఉన్నాడు, చెప్పుల దగ్గర, కథ కోసం రోజూ కూర్చొనే చోట. లేచాడు. తలగుడ్డ చేతిలో పట్టుకొని ఒక నిమిషం నిలబడ్డాడు. ఏమైనా అంటాడనుకొన్నాను. ఎవరివో చెప్పులు తన కాలికి తగిలి చెదిరితే, వంగి, వాటిని సరిగా జతపెట్టి వెళ్ళాడు. నేను పద్యం ఎత్తుకొన్నాను. నా గొంతు ఆ రోజు ఎంతో బాగా పలికిందని అందరూ అన్నారు.

తరువాత ఏ ఇంటివాళ్ళూ అతణ్ణి తొట్టె కడగడానికి పిలవలేదు. తాగే నీళ్ళు కదా, అన్నారట. పుష్యమాసంలో, పట్టుకుపోయిన మోకాలితోనే, మళ్ళీ వేటకు వెళ్ళాడు, ఎవరిదో పడవ మీద, వల లాగే పనికి. ఒడ్డుకు తిరిగి వచ్చేటప్పుడు కెరటం పడవను తిరగేసింది. మిగిలినవాళ్ళు ఈదుకొని వచ్చారు. అతడు రాలేదు, శరీరం కూడా రాలేదు. ఆ కబురు పాలపాకెట్లు వేసే మనిషి చెబితే తెలిసింది. అయ్యో అన్నాను. స్నానం చేశాను. చెంబు తీసి మడుగు దగ్గరకు వెళ్ళాను, అలవాటు. మడుగులో అప్పటికి ఏమీ లేదు, నాచు తప్ప. ఆ సంధ్యవేళ దీపం గట్టు మీద పెట్టినప్పుడు నీటి అడుగున రెండు రవ్వలు వెలిగాయి. జంట. కదలలేదు. మామూలుగా రొయ్య కన్ను దీపానికి బెదిరి తప్పుకొంటుంది, ఇవి తప్పుకోలేదు. మరునాడు మడుగు తోడించాను, బురదతో సహా ఎత్తించాను, సున్నం కొట్టించాను. కొత్త నీరు పట్టిన సాయంత్రం మళ్ళీ రెండు. తాయారు వచ్చి చూసి, ఏమీ లేవండీ, మీ కళ్ళజోడు మెరుపు, అన్నది. కళ్ళజోడు తీసి చూశాను. దీపం ఆర్పి చూశాను. చీకటి పడుతున్న నీటిలో దీపం లేకుండానే ఉన్నాయి. ఇంకొక సాయంత్రం గట్టు మీద తడి అడుగులు, ఒక కాలు బాగా ఆని, ఒక కాలు ఈడ్చి. పిల్లి అనుకొన్నాను. కుక్క అనుకొన్నాను. ఏమనుకొన్నా అది మనిషి పాదమంత ఉండేది. శాంతికి జపం చేశాను. పదివేలు. ఇరవై వేలు. జపం చేస్తుంటే వెనుక ఎవరో గొంతుక్కూర్చొని వింటున్నట్లు, కథ ఎప్పుడు మొదలవుతుందా అని ఓపికగా కాచుకొని ఉన్నట్లు.

దువ్వాడ స్టేషను వైపు గూడ్సు బండి పోతున్నది, ఇనుము మీద ఇనుము, ఉక్కు ఫ్యాక్టరీకి బొగ్గు కాబోలు. వేదిక పలకలు వణుకుతున్నాయి. సభ సగం నిండింది. ముందు వరుసలో హిమబిందు, పక్కింటి కోడలు, కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. పదిహేను రోజుల నాడు, మళ్ళీ రొయ్యలు పెంచితే ఆ రెండు కళ్ళు వాటిలో కలిసిపోతాయన్న ఆశతో, ఎక్కడ దొరుకుతాయని ఆమెనే అడిగాను. మడుగు చూడడానికి వచ్చింది. నా చేతిలో చెంబు చూసింది. ఇదా పోస్తారు మాస్టారూ, అన్నది, పసిపిల్లవాణ్ణి పొయ్యి దగ్గర చూసినట్లు. మనకు మంచిదే గానీ రొయ్యలకు రాగి విషమండీ, వాటి నెత్తురు తీరే వేరు, కొంచెం కొంచెంగా పేరుకొన్నా చాలు. చింతపండు, పెరుగు తగిలితే రాగి ఇంకా ఎక్కువ దిగుతుంది. ఆమె ఇంకా ఏదో చెబుతున్నది. పైడయ్య ఒక్క వాక్యంలో చెప్పినదాన్ని ఆమె పది వాక్యాలలో చెబుతున్నది. నేను కొత్తగా తెలుసుకొన్నట్లు తల ఊపాను. ఆ నటన కూడా జాబితాలో చేర్చు, స్వామీ.

ఆ రాత్రి తాయారుకు చెప్పాను. ఆమె దిండు మీద నుండి లేవకుండానే, ఇప్పుడు చెబితే ఆయన తిరిగొస్తాడా, ఉన్న పేరు పోవడం తప్ప, అన్నది. నిజమే. అయినా నాలుగు రోజుల నాడు స్టేషను పక్క చేపల బజారుకు వెళ్ళాను. నలభై మూడేండ్లలో మొదటిసారి. పంచె ఎత్తి పట్టుకొని ఆ తడిలో నిలబడితే, బుట్టల వెనుక ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకొన్నారు. "మాస్టారూ, దారి తప్పినారేటి? గుడి అటేపు" అన్నది ఒకామె. "తప్పనేదే, వంజరం రుసి గుర్తొచ్చినాది బాబుకి" అన్నది ఇంకొకామె. నవ్వుల మధ్య సూర్యకళ ఒక్కతే నవ్వలేదు. కత్తిపీట మీద చేపను కోస్తున్నది. ఆమె ముందు నిలబడి, జరిగినదంతా చెప్పాను; బిందె, పెరుగు, వేపనూనె, అంతా. బిందె వైపు అతడు చూసిన చూపు ఒక్కటి తప్ప. చెబుతున్నంతసేపూ ఆమె చేయి ఆగలేదు. పొలుసులు నా పాదాల మీద పడుతున్నాయి. ముగించి, క్షమించమ్మా అన్నాను. ఆమె కత్తిపీట కడిగి, చేయి కడిగి, అప్పుడు తల ఎత్తింది.

"నాకెందుకు సెప్తన్నారు?" అన్నది. "నాకు తెలుసు కదా మా అయ్య ఎలాటోడో. తెలీనోల్లకి సెప్పండి. ఎక్కడ అన్నారో అక్కడే అనండి. నాను వొచ్చి ఇంటాను."

అదీ సంగతి. దీపం వెలిగిస్తున్నారు. సాయిశంకర్ పూలదండ తెచ్చి నా మెడలో వేశాడు, ఎర్రబంతి, బరువు. ఇంకా ఒక దారి ఉన్నది. పేరు చెప్పకుండా నిందించాను కదా, పేరు చెప్పకుండానే ఒప్పుకోవచ్చు. పూర్వం ఒక పురంలో ఒక భక్తుడు ఉండేవాడు, అని మొదలుపెట్టవచ్చు. అతడు తెలియక ఒక తప్పు చేశాడు, అనవచ్చు. తెలియక! సభ కళ్ళు తుడుచుకొంటుంది. ఎంత చక్కగా చెప్పారు మాస్టారూ అంటుంది. నా కీర్తికి మరొక దండ పడుతుంది, ఆ చివర గోడ దగ్గర కూర్చున్నామె చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోతుంది, నేను ఇంటికి వెళ్ళి దీపం గట్టు మీద పెడతాను. కమిటీ ఏమంటుంది? తీర్థం చంపిందని వేదిక మీద చెబుతారా అంటుంది. తీర్థం చంపలేదు నాయనా, చంపినది తీర్థం పేరుతో ఉన్న నా అహంకారం. కాని ఈ భేదం చెప్పబోయి మళ్ళీ వ్యాఖ్యానంలోకి జారుకొంటాను, వ్యాఖ్యానంలో దాక్కోవడం నాకు తెలిసినంత బాగా ఆ రొయ్యలకు కూడా తెలియదు. సభ నిండింది. దగ్గులు ఆగాయి. వెనుక గోడ దగ్గర ఆమె పక్కన కొంత చోటు ఖాళీగా ఉన్నది. అంత ఇరుకులో ఎవరూ అక్కడ కూర్చోలేదు. తలగుడ్డ పట్టేంత చోటు, మోకాలు చాపుకొనేంత చోటు. అక్కడి నుండి రెండు రవ్వలు, కదలకుండా, బెదరకుండా, నా వైపు.

చేతులు జోడించాను. నోరు తెరిచాను. నా పేరు సన్యాసిరాజు, అన్నాను. అందరికీ తెలిసిన పేరే. నిరుడు ఇక్కడ కూర్చొని పైడయ్య మీద వేసిన నింద అబద్ధం. నా మడుగులో రొయ్యలను చంపినది నేను పోసిన రాగి బిందె నీళ్ళు. వద్దని అతడు ముందే చెప్పాడు. అతణ్ణి నిందించిన నాడు ఆ సంగతి నాకు గుర్తున్నది. గుర్తున్నా, నిందించాను.

మాట దిగింది. హిమబిందు కళ్ళు దించుకొన్నది. సాయిశంకర్ చేయి గంట తాడు మీద అలాగే ఉండిపోయింది. నా గొంతు నాకే సరిగా వినబడలేదు, కాని అయిపోయింది, చెప్పేశాను, ఇక పురాణం ఎత్తుకోవచ్చుననుకొని పుస్తకం మీది పట్టుగుడ్డ విప్పబోతున్నాను.

సూర్యకళ లేచి నిలబడింది.

"ఎనక్కి ఇనపడ్నేదు మాస్టారూ" అన్నది. "మల్లా సెప్పండి."

సభ వెనక్కి తిరిగింది, మళ్ళీ నా వైపు తిరిగింది. దండ తీసి పక్కన పెట్టాను. వేదిక దిగాను. జంపఖానాల నడుమ దారి ఇచ్చారు. సగం దూరం నడిచి, అందరి మధ్య నిలబడి, బడిలో చివరి బల్ల పిల్లవానికి వినబడేటట్లు పాఠం చెప్పిన ఆ పాత గొంతుతో, మొదటి నుండి మళ్ళీ చెప్పాను.

ఈ కథ విన్నవారి నోట రావలసిన మాట ఆలస్యం కాకుండుగాక. పేరు లేని నింద ఏ ఇంటి గడపా దాటకుండుగాక. వేటకు వెళ్ళిన ప్రతి పడవా తన మనుషులందరితో ఒడ్డు చేరుగాక. చేరనివారికి నీటి అడుగున చల్లని చోటు దొరకుగాక. విన్నవారికందరికీ, వెనుక వరుసలో నిలబడి విన్నవారికి మరీ ముందుగా, కంటికి నిద్ర పట్టుగాక.